మూడడుగుల ఎత్తు

జనవరి 19, 2025, ఆదివారం
స్థలం కొలిచాం. 33 అడుగులు, 66 అడుగులు. సరిగ్గా 5 సెంట్లు. టేపుకి ఓ కొస నాన్న, ఓ కొస నేను. అమ్మ కుర్చీలోంచి చూస్తోంది. రెండు గదుల పాత పెంకుటిల్లే, అయినా కూల్చాలంటే... వేపచెట్టు మాత్రం ఉంటుంది. ముందే చెప్పేశాను.

జనవరి 21
బేస్‌మట్టం మూడడుగులు ఉండాల్సిందేనట. 1977 నవంబరు 19 అని నాన్న ఎప్పుడూ అనడు. "ఆ రోజు" అంటాడు. దివిసీమలో అంతే చాలు. ఆ ఉప్పెన నీటికి మూడడుగులు ఏం అడ్డం? నోటిదాకా వచ్చింది. అడగలేదు.

జనవరి 24
రాత్రంతా ర్యాంపు లెక్కలే. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు. మూడడుగులకి 36. మధ్యలో కుర్చీ ఆగడానికి చోటు. మడత పెడితే వరండా పోతుంది. పక్కనుంచి తెస్తే వేపచెట్టు పోతుంది. వాలు పెంచితే తోయడానికి మనిషి కావాలి. ఆ మనిషి అక్కర్లేకుండానే కదా ఈ ఇల్లు!
ఆరు కాగితాలు చించాను.

జనవరి 27
ఇంజనీరు గారు గొయ్యి తీయించారు. నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నోళ్లు తెరుస్తుంది. పైల్స్ వేయాలట. ఖర్చు సంగతి తమ్ముడికి ఇంకా చెప్పలేదు. బోరు నీళ్లు ఉప్పన. వేసవికి కాలువ కట్టేసేలోగా స్లాబు పడుతుందా?

ఫిబ్రవరి 2
అమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేను కూడా. ఇవాళ ప్లాను ఒళ్లో పెట్టాను. చాలాసేపు చూసింది.
"పొయ్యిగట్టు ఎంతెత్తు?"
చెప్పాను. తల అడ్డంగా ఊపింది. కింద అలమారా గీసి ఉంది, మోకాళ్లు ఎక్కడ దూరతాయి? కొట్టేశాను.
"కిటికీ కూడా దించవే. వీధి కనపడాలి."

ఫిబ్రవరి 5
డాబా మెట్లు బయటినుంచే ఉండాలన్నాడు నాన్న. ఎవరైనా ఎక్కేలా. ఎవరినీ తలుపు తీయమని అడగక్కర్లేకుండా. ఆ రోజు డాబాల మీదికి చేరినవాళ్లే... అని ఆగిపోయాడు.
"నన్నెవరు ఎక్కిస్తారు?" అంది అమ్మ. మామూలుగానే. చిక్కుడుకాయలు తుంచుతూ.

ఫిబ్రవరి 9, ఆదివారం
తెల్లారేసరికి నాన్న వాకిట్లో ఉన్నాడు. ఇటుకలు పేర్చాడు. వాటి మీంచి పురికొస లాగి, గేటు వైపు కర్రమేకుకి కట్టాడు. లెక్కపెట్టాను. ఎనిమిది వరసలు. రెండడుగులే. మూడడుగులకి పన్నెండు వరసలు కావాలి. టేపు పట్టి చూశాను, 24. వేపచెట్టుకి జానెడు ఇవతలే.
ఏమీ అనలేదు ఆయన. నేనూ ఏమీ అడగలేదు.
పురికొస పక్కన అమ్మ చక్రాలు తనే తిప్పుకుంటూ గేటుదాకా వెళ్లింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లింది.