బల్కంపేటలో సగం ప్లేటు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే మీ చేతిలో రెండు మూడు పాంప్లెట్లు పడతాయి. జావా, పైథాన్, డేటా సైన్స్ ఒకటి. హాస్టల్‌ది ఇంకోటి. ఈమధ్య మూడోది కూడా కలిసింది, పొట్ట తగ్గిస్తామనే సెంటర్‌ది. అన్నీ ఒక్క కుర్రాడే పంచుతాడు. ఒకప్పుడు నన్ను చూడగానే మూడోదే వెతికి ఇచ్చేవాడు. ఇప్పుడు జావాది ఇస్తున్నాడు.

మైత్రీవనం దగ్గర కోచింగ్ బోర్డులు చదువుకుంటూ బల్కంపేట వైపు తిరిగితే బోర్డుల భాష మారిపోతుంది. 'టూ షేరింగ్, త్రీ షేరింగ్, వైఫై, గీజర్, అన్‌లిమిటెడ్ ఫుడ్.' కర్రీ పాయింట్, టిఫిన్ బండి, జ్యూస్ షాపు, మళ్లీ హాస్టల్. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆకలితో ఉంటారన్న ఒక్క నమ్మకం మీద ఈ గల్లీలన్నీ నడుస్తున్నాయి. పావుగంట నడిస్తే ఎల్లమ్మ గుడి వస్తుంది.

ఆ పావుగంట నడక నాకు ఒకప్పుడు నలభై నిమిషాలు.

నేను 2016లో సూర్యాపేట నుంచి టెస్టింగ్ కోర్సు కోసం వచ్చా. మూడు నెలలు అనుకున్నది ఇన్నేళ్లయింది. ఉద్యోగం రాయదుర్గం వైపు వచ్చినా హాస్టల్ మాత్రం మార్చలేదు. 2022 నాటికి నా బరువు 112 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. షుగర్ వచ్చేసింది. పీసీఓడీ అంతకు ముందే ఉంది. రాత్రి గురక ఎంతలా అంటే, త్రీ షేరింగ్ రూమ్‌లో నా మూలంగా ముగ్గురు రూమ్మేట్లు మారిపోయారు. నాలుగో అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని నిలబడింది. ఇప్పటికీ నా ఫ్రెండే.

అప్పట్లో నా బుర్రలో బల్కంపేట మ్యాప్ ఒకటి ఉండేది. గూగుల్‌లో దొరకదు. కూర్చునే చోట్ల మ్యాప్ అది. మెడికల్ షాపు ముందు రెండు మెట్లు, జ్యూస్ బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ (నీలం రంగుది గట్టిది, ఎర్రది కాదు), గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం పక్కన అరుగు. షేర్ ఆటోలో మాత్రం కూర్చునేదాన్ని కాదు. డ్రైవర్ 'ఇద్దరి పైసలు' అని అడుగుతాడేమోనని కాదు, ఒకసారి అడిగాడు, ఇచ్చేశా. పక్కనున్నవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడకుండా సర్దుకుంటారే, అది భరించలేక.

గుడి సంగతి చెప్పాలి. ఇక్కడ అమ్మవారి విగ్రహం నేలమట్టానికి దాదాపు 10 అడుగుల కింద ఉంటుంది. వెనకటికి బావి తవ్వుతుంటే బయటపడిందని, ఎంతమంది లాగినా కదల్లేదని, అందుకే ఉన్నచోటే గుడి వెలిసిందని పెద్దలు చెప్తారు. అక్కడ ఊరే నీళ్లనే తీర్థంగా తీసుకుంటారు. ఏటా ఆషాఢంలో ఒక మంగళవారం కల్యాణం, మర్నాడు రథోత్సవం. ఆ రెండు రోజులు ఎస్సార్ నగర్ వైపు నుంచి మామూలు బండ్లు రావు, జనమే జనం. నన్ను కదలని మనిషని ఆఫీసులో వెక్కిరించే రోజుల్లో నాకు ఆ కథ తెగ నచ్చేది. కదలకపోతే చుట్టూ గుడి కట్టారంటే మాటలా!

డైటింగ్ చేయలేదా అంటారా? మీరు పేరు చెప్పండి, నేను చేసి ఉంటా. ఇదే రోడ్డులో సర్కారు వారి ప్రకృతి చికిత్సాలయం ఉంది. అక్కడి మట్టి పట్టీలూ నాకు తెలుసు. పది తగ్గేదాన్ని, పన్నెండు పెరిగేదాన్ని. చివరికి షుగర్ డాక్టరే సర్జరీ మాట ఎత్తారు.

ఇంట్లో చెబితే అమ్మ ఏడుపు అందుకుంది. "మంచిగున్న కడుపు కోయించుకుంటవా బిడ్డా? ఆ సినిమా పిల్ల ఏమైంది యాదిలేదా?" అంది. ఆర్తీ అగర్వాల్ గురించి. 2015 జూన్‌లో ఆమె అమెరికాలో చనిపోయినప్పుడు వార్తల్లో వచ్చింది లైపోసక్షన్ గురించి. అది చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే పద్ధతి. షేప్ కోసం చేసేది, బరువు జబ్బుకు వైద్యం కాదు. నాకు చెప్పింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, లాప్రోస్కోపీతో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది ఒక ఇరానీ చాయ్ కప్పంత. తీసేసిన భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. తీసిన ముక్క మళ్లీ అతికించేది కాదు. అమ్మకు ఈ చివరి మాట చెప్పకుండా దాచలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు నాన్న ఫోన్ చేశాడు. చిట్టీ ఎత్తిండట. పైన స్లాబ్ వేద్దామని మూడేళ్లుగా కడుతున్న చిట్టీ. "ఇల్లు యేడికి పోతది" అన్నాడు, అంతే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి పనికొచ్చే విషయం ఒకటి. ఆరోగ్య బీమా పాలసీల్లో ఈ ఆపరేషన్‌కు ఓ గీత ఉంటుంది. బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి దానితో పాటు గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగర్ లాంటివైనా ఉండాలి. డాక్టర్ల లెక్క వేరే. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు పాత హద్దులు సడలించి, ఆసియా వాళ్లకు 27.5 దగ్గర్నుంచే ఆలోచించవచ్చన్నాయి. అంటే డాక్టర్ సరే అన్నా బీమా కాదనొచ్చు. నాది 43 పైనే, కాబట్టి ఆ పేచీ రాలేదు. అయినా పాలసీ సగమే ఇచ్చింది. మిగతాదానికే చిట్టీ. అదే 2022లో ఉస్మానియా ఆస్పత్రి డాక్టర్లు 240 కిలోల కుర్రాడికి ఆపరేషన్ చేశారు. డబ్బున్న వాళ్ల వైద్యమే అనుకునేదాన్ని, ఆ వార్త కట్ చేసి అమ్మకు పంపించా.

2023 ఫిబ్రవరిలో పంజాగుట్ట వైపు ఒక ఆస్పత్రిలో నా ఆపరేషన్ అయింది. నిజానికి దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మత్తు, నొప్పి, రెండో రోజు వార్డులో నడిపించడం, మూడో రోజు ఇంటికి. కష్టమంతా దానికి ముందు రెండు వారాలది, తర్వాత రెండేళ్లది.

ముందు రెండు వారాలు ఎందుకంటే, లివర్ కుంచించుకుపోవాలని ద్రవాలే తాగమంటారు. అన్‌లిమిటెడ్ ఫుడ్ హాస్టల్లో ప్రొటీన్ పొడి, మజ్జిగ, కూరగాయల నీళ్లు! ఆదివారం కారిడార్ అంతా బగారా అన్నం, చికెన్ వాసన. నేను తలుపేసుకుని కిటికీ తీశా. కిటికీ కింద మిర్చి బజ్జీల బండి.

తిరిగొచ్చాక హాస్టల్ మెస్ అక్కతో మొదలైంది అసలు తంటా. ఆమెకు ప్రేమంటే గరిటె. ఇంకో గరిటె అన్నం వేయడం ఆమె 'ఎట్లున్నవ్' అనడం. నేను గిన్నెలో నాలుగు చెంచాల మెత్తటి పప్పు పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటే ఆమె ముఖం మాడిపోయేది. "నా వంట మంచిగ లేదా? గింతనా తినుడు?" అని ఒక రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫోన్‌లో జీర్ణాశయం బొమ్మ చూపించా. చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి నాకు వేరే గ్లాసు. పప్పు తేట, ఉడికించిన గుడ్డు, చికెన్ వండిన రోజు దారాల్లా చీల్చిన నాలుగు ముక్కలు. ముందు ప్రొటీన్, తర్వాతే అన్నం అని డైటీషియన్ చెప్పిన రూల్ నాకన్నా ఆమెకే బాగా గుర్తు. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదు. ఆ చిన్న గొట్టంలోకి అది పట్టించడమే ఓ ఉద్యోగం.

కొత్తగా నేర్చుకోవాల్సినవి చాలానే వచ్చాయి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక అర్ధగంట ఆగాలి. గొంతు పట్టేస్తే గ్లాసు అందుకునే చెయ్యి పుట్టినప్పటి నుంచీ అలవాటైనది, దాన్ని రోజూ పట్టుకోవాలి. గబగబా మింగితే ఛాతీలో బండ పెట్టినట్టుంటుంది, నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరుతుంది, వాష్ బేసిన్ దగ్గరికి పరుగే. మూడో నెల నుంచి జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చింది. బాత్రూమ్ జాలీ నిండా నాదే. తొమ్మిదో నెలకు మళ్లీ మొలిచింది. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు మాత్రం జీవితాంతం.

ఇక టిఫిన్ బండి. బల్కంపేటలో ప్లేటంటే నాలుగు ఇడ్లీలు. నాకు పట్టేది ఒకటి. "ఒక్క ఇడ్లీకి లెక్క ఎట్ల గట్టాలె మేడమ్? ప్లేట్ తీస్కో, మిగిలితే పారెయ్" అన్నాడు బండి ఆయన. పారేయడం మా ఇంట్లో నేర్పలేదు. పక్కనే నిలబడి జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటున్న జావా కుర్రాణ్ని పిలిచా. అలా ఐదు నెలలు మూడు ఇడ్లీలు అతనివి, ఒకటి నాది, పల్లీ చట్నీ ఉమ్మడి. నేను ఒక్క ఇడ్లీ తినేలోపు అతను మూడూ తినేసి, నిన్నటి ఇంటర్వ్యూ ప్రశ్నలన్నీ చెప్పేవాడు. తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అతను వెళ్లిన వారం నాకు ఇడ్లీ రుచించలేదు. ఆకలి తగ్గిపోయాక తెలిసిందేంటంటే, నేను అంతకాలం బండి దగ్గరికి వెళ్లింది ఆకలికే కాదు. క్లయింట్ తిట్టినా బజ్జీ, జీతం పడినా బజ్జీ. సర్జన్ దాన్నేమీ కోయలేదు. సాయంత్రం ఆరింటికి చేతులు ఖాళీగా ఉండేవి, ఏం చేయాలో తెలిసేది కాదు. అందుకే నడక మొదలుపెట్టా. బల్కంపేట నుంచి అమీర్‌పేట, అక్కణ్నుంచి ఎస్సార్ నగర్, మళ్లీ గుడి వెనక నుంచి హాస్టల్.

మంచివి లేవా అంటే, బోలెడున్నాయి. షుగర్ మాత్రలు ఆరో నెలలో ఆపేశారు. గురక పోయింది. రూమ్మేట్ దూది మానేసింది. సత్యం థియేటర్ ఉన్న చోట కట్టిన కొత్త మల్టీప్లెక్స్‌లో సీటు చేతులు నడుముకు గుచ్చుకోకుండా ఇంటర్వెల్ దాకా కూర్చున్నా. సినిమా ఏదో గుర్తులేదు.

ఒక్కటి మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. ఇరవై ఐదేళ్లప్పుడు నన్ను 'ఆంటీ' అన్న కూరగాయల ఆయన ఇప్పుడు 'మేడమ్' అంటున్నాడు. లిఫ్ట్ నాకోసం ఆపుతున్నారు. నాతో మాట్లాడేటప్పుడు నా ముఖం చూస్తున్నారు. బాగుంది, కానీ 112 కిలోలప్పుడూ నాకు ముఖం ఉంది కదా!

సంవత్సరం దాటాక 79కి వచ్చి ఆగింది. ఇప్పుడు 83. ఇలా కొంత తిరిగి రావడం మామూలేనని ముందే చెప్పారు. అయినా మెషిన్ ఎక్కిన ప్రతి సోమవారం గుండె దడదడ. వేలాడే చర్మం చేతుల కింద అలాగే ఉంది. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక 'అయ్యో, కొన్నాళ్లు ఆగాల్సింది' అనే సానుభూతిపరులు ఎక్కువయ్యారు. అవి ఆపేస్తే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. నెలనెలా ఖర్చు. కొందరికి అవే సరిపోతాయి, కొందరికి సర్జరీ. నా షుగర్ నన్ను ఆగనివ్వలేదు.

ఇంట్లో సంబంధాల సీజన్ మొదలైంది. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే, "ఆపరేషన్ ముచ్చట మాత్రం తియ్యకు." కోదాడ నుంచి వాళ్లొచ్చిన రోజు ప్లేట్లో లడ్డూ, మిక్చర్, అరటిపండు. తినమని బలవంతం. అబ్బాయి వాళ్లమ్మ "గంతేనా తినేది, డైటింగా?" అంది నవ్వుతూ. నేను చెప్పేశా. కడుపులో ఎంత తీశారో, రోజూ ఏ మాత్రలు వేసుకుంటానో, ఆపరేషన్ అయ్యాక ఏడాది ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారని, ఆ గడువు నాకు దాటిపోయిందని. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి ఒక్క ప్రశ్న అడిగాడు, "నొప్పయిందా?" అని. ఆ మాట నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. వాళ్ల దగ్గర్నుంచి ఇంకా ఫోన్ రాలేదు. అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు.

మొన్న ఆషాఢంలో కల్యాణానికి అమ్మ వచ్చింది, మెస్ అక్క బోనమెత్తింది. రాత్రి హాస్టల్ మేడ మీద అందరికీ భోజనాలు. అక్క నా విస్తరిలో రెండు చెంచాల పులిహోర, రెండు ముక్కల మటన్ పెట్టి, అమ్మ గరిటె ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా, ఆమెకు గంతే. నేను చూస్త." అమ్మ కాసేపు ఆ గరిటె అలాగే పట్టుకుని, పక్కన కూర్చున్న కొత్తమ్మాయికి వడ్డించింది.

ఆ కొత్తమ్మాయి వరంగల్ నుంచి వచ్చింది. నీలం కుర్చీలోనే కూర్చుంటుంది, ఎర్రదాంట్లో కూర్చోదు. భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి, డాక్టర్ దగ్గరికి ఒకసారి తోడొస్తావా అక్కా అని అడిగింది. శనివారం పొద్దున వెళ్తున్నాం. పాత షుగర్ రిపోర్టులన్నీ తెచ్చుకోమన్నా, థైరాయిడ్‌ది కూడా.