కాంతి చేరినంత దూరమే

ఢిల్లీ నగరానికి తూర్పున, యమునకు ఆవలి ఒడ్డున మయూర్ విహార్ ఉన్నది. 1980 దశకంలో రూపు దిద్దుకొన్న ఈ నివాసప్రాంతాన్ని ఒరుసుకొంటూ నోయిడా లింక్ రోడ్డు సాగుతుంది. దానిని దాటి నదివైపు వెళితే కూరగాయల మడులు, ఆపైన యమున. డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున ఒక్కొక్కప్పుడు ఇవేవీ కనబడవు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించిన రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకొన్న గాలిలోని తేమ సూక్ష్మబిందువులై పొగమంచుగా నిలిచిపోతుంది. నదీతీరపు చెమ్మ దానికి తోడవుతుంది.

గుల్‌మార్గ్ కొండలపై పేరుకొనేదాన్నీ, మయూర్ విహార్ వీధులను కప్పేదాన్నీ కూడా తెలుగువారు మంచు అనే అంటారు. ఆ కొండలలో యాత్రికులు స్నోమొబైల్ ఎక్కి విహరిస్తారు. కెనడా, అమెరికాలలో రాత్రివేళ ఆ వాహనం నడిపేవారికి నేర్పే సూత్రం ఒకటున్నది: దీపపు కాంతి చేరే దూరంలోపలే బండి ఆగగలగాలి. చీకటిలోనే నోయిడాకు పనికి బయలుదేరే స్కూటరు మనిషికీ ప్రాణరక్షణ ఈ సూత్రమే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగుతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేసి ఆగేసరికి, పొడి రోడ్డుపై కూడా 40 మీటర్లు గడిచిపోతాయి. 50 మీటర్లకు మించి చూపు ఆననప్పుడు వాతావరణశాఖ దానిని అతిదట్టమైన పొగమంచు అంటుంది. తడిసిన రోడ్డు మీద ఆ మిగిలిన పది మీటర్లు కూడా దక్కవు. ఎదుట వెనుక దీపం లేని రిక్షా ఉండవచ్చు. వేగాన్ని 30కి తగ్గిస్తే పొడి రోడ్డుపై 15 మీటర్లలోపే ఆగవచ్చు.

హైబీమ్ వేస్తే కాంతి మంచుబిందువులపై పడి వెనుకకు మరలి, కన్నులముందు తెల్లని గోడ కట్టినట్లవుతుంది, లోబీమ్ మేలు. హెల్మెట్ అద్దానికి ఆవిరి పడితే కొద్దిగా పైకెత్తాలి. ముందుపోయే బండి వెనుక దీపాన్ని నమ్ముకొని వెంబడించరాదు. ఆగవలసివస్తే రోడ్డును పూర్తిగా విడిచి దిగాలి.

అంతకన్న సులభమైన మార్గం కూడా ఉన్నది. 2009 నవంబరు నుండి మయూర్ విహార్ మీదుగా నోయిడాకు మెట్రో నడుస్తున్నది. లేదా ఒక గంట ఓపిక పట్టవచ్చు. చాలా రోజులలో ఎండ ఎక్కేకొద్దీ మంచు పలుచబడి, ముందు రోడ్డు అంచు, తరువాత మడులు, చివరకు యమున కంటబడతాయి.