పాత కొలువు సాక్ష్యము

కొత్త కొలువు కావలసినవాడు బంధువుల గడప లెక్కుటకు సంకోచింపడు. తన గ్రహస్థితిని గూర్చి పురోహితునితో గంటల తరబడి ముచ్చటించును. రైలులో ఎదుట కూర్చున్న అపరిచితునికి సైతము తన నిరుద్యోగగాథను సాంతముగా వినిపించును. కాని, ఏండ్ల తరబడి ఎవరి కనుసన్నల మెలగి పనిచేసెనో, తన చేతి నేర్పును, ముక్కుమీది కోపమును, ఆలస్యముగా వచ్చిన దినములను, ఒంటరిగా నిలిచి పని గట్టెక్కించిన రాత్రులను ఎవరు కన్నులార చూచిరో, ఆ పూర్వయజమానిని ఒక్క మాట సాయ మడుగవలసి వచ్చునప్పటికి మాత్రము అతనికి కాళ్లాడవు.

విడిచి వచ్చిన గడపను మరల త్రొక్కుట పరాభవమని మనలో ఒక నమ్మకము పాతుకొని యున్నది. రాజీనామా యిచ్చిన నాడు ఆవేశమున నాలుగు మాటలు తూలినవారి సంగతి చెప్పనే యక్కరలేదు. ఐనను అసలు చిక్కు అభిమానములో లేదు. మనము ఆయనను అడుగబోవునది ఉద్యోగమే యని భ్రమపడుటలో నున్నది. ఉద్యోగ మిచ్చుటకు ఆయన చేతిలో ఖాళీ యుండవలెను. మన పనిని గూర్చి సాక్ష్యము చెప్పుటకు జ్ఞాపకశక్తియు, కాస్త మంచితనమును ఉన్న చాలును. కన్నతల్లి మన గుణములకు సాక్షి కావచ్చును గాని, నెలాఖరున లెక్క సరిపడక అర్ధరాత్రి వరకు చిట్టాల ముందు కూర్చున్న మనలను ఆమె యెరుగదు.

పాత కొలువునే సాక్ష్యముగా చూపు ఈ కిటుకు విరాటుని కొలువునకు వచ్చిన పాండవులకు తెలిసినట్లు మరెవ్వరికిని తెలియలేదేమో. పండ్రెండేండ్ల వనవాసము ముగించి, అజ్ఞాతవాసము గడుపుటకై మత్స్యదేశము చేరిన ఆ మహానుభావులలో కంకుభట్టు తాను ధర్మరాజునకు సఖుడ ననెను. వంటశాలకు వచ్చిన వలలుడును, అశ్వశాలకు వచ్చిన దామగ్రంథియు, ఆలమందల కడకు వచ్చిన తంత్రీపాలుడును ఆ ధర్మరాజు పేరే చెప్పుకొనిరి. సైరంధ్రి తాను ద్రౌపదికి పరిచర్య చేసినదాన ననెను. తన సాక్ష్యపత్రముపై తానే సంతకము చేసికొని తెచ్చుకొన్న అభ్యర్థులు లోకములో వీరికి ముందు పుట్టియుండరు. పూర్వయజమానిని విచారింపుడని విరాటుడు పట్టుపట్టినచో, ఆ యజమాని పాచికలు చేతబట్టి ఎదుటనే నిలిచి యుండెను గదా! మత్స్యరాజునకు కలిగిన సందేహ మెల్ల వారి రాజసము తొణికెడి రూపములను గూర్చియే గాని, చెప్పిన కొలువును గూర్చి కాదు. రాజ్యము పోయి పదమూడవ యేడు నడచుచున్నను ధర్మరాజు పేరునకు ఒకరి కన్నము పెట్టించెడి విలువ మిగిలియే యుండెను.

వారి మాటలలో నాకు నచ్చినది వేరొకటి గలదు. ఏ పనియైనను సరే, ఇప్పింపుడని వారిలో ఒక్కరును అనలేదు. ఒకడు వంట యెరుగుదుననెను, ఒకడు గుఱ్ఱముల స్వభావమును, చికిత్సను ఎరుగుదుననెను, ఒకడు గోవుల లెక్కయు పోషణయు ఎరుగుదుననెను. ‘ఏదైనను సరే’ అను మాట వినినంతనే ఎంతటి దయాళువునకైనను బుద్ధి స్తంభించును. ఎవరికి చెప్పవలెనో, ఏమని చెప్పవలెనో ఆయనకు తోచదు.

గ్రానోవెటర్ అను అమెరికా సాంఘికశాస్త్రజ్ఞుడు బోస్టను నగరమునకు చేరువనున్న న్యూటనులో, కొత్తగా ఉద్యోగములు మారినవారిని విచారించి, 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. పరిచయస్థుల ద్వారా పని దొరికినవారిలో, ఆ పరిచయస్థుని తరచుగా కలిసికొనువారు నూటికి 17 మందికి మించలేదట. అప్పుడప్పుడు కలియువారు ఇంచుమించు 56 మంది, అరుదుగా కలియువారు ఇంచుమించు 28 మంది. పూర్వపు సహోద్యోగులను, పూర్వయజమానులను ఆయన ప్రత్యేకముగా పేర్కొనెను. నిత్యము మనతో మెలగువారికి మనకు తెలిసిన వార్తలే తెలియును. దూరమైనవాడు వేరొక వలయములో తిరుగుచుండును గనుక, మన చెవి సోకని ఖాళీ ఆయన చెవిని పడును. ఈ లెక్క మన మేనమామల కంట పడకుండుటయే మేలు.

చట్టము కూడ పూర్వయజమానిని బొత్తిగా విడిచిపెట్టలేదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టము క్రింద ఏర్పడిన నమూనా నిబంధనలు, పనినుండి తొలగింపబడినను సరే, స్థిరోద్యోగియైన కార్మికునికి సర్వీసు సర్టిఫికెట్టును హక్కుగా నొసగెను. పారిశ్రామిక వివాదముల చట్టమునకు చేర్చిన 25-హెచ్ సెక్షను, మిగులు సిబ్బందియని తీసివేసిన కార్మికులకు, మరల మనుష్యులను చేర్చుకొనునప్పుడు మొదటి అవకాశ మీయవలెనని విధించెను. మంచివే, కాని కాగితము తేదీలను, హోదాను చెప్పి ఊరకుండును. నేడు హైదరాబాదు సాఫ్ట్‌వేరు కంపెనీల రిలీవింగ్ లెటరులోను అంతకు మించి ఉండుట అరుదు. మనుష్యుని నోటిమాట చేయు పని వేరు.

ఐతే ఆ నోటిమాట కొరకు ఆయన మెడపై కూర్చుండరాదు. 1777లో పారిసున నున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, సిఫారసుల కొరకు వచ్చువారి తాకిడికి విసిగి, ఒక నమూనా ఉత్తరము వ్రాసి పెట్టుకొనెను: దీనిని తెచ్చువాని గుణగణములే కాదు, పేరు సైతము తానెరుగడట! ఎరిగిన యజమానినైనను మొగమోటమున పడవేసినచో ఆయన చెప్పు మాట ఇంచుమించు అట్లే యుండును. కనుక, ఫలానా చోట ఫలానా పనికి దరఖాస్తు పెట్టితిని, నా పనిని గూర్చి మంచిమాట చెప్పగలరా, వీలుకాకున్న నేనేమియు అనుకొనను అని అడిగి, కాదనుటకు ఆయనకు త్రోవ యుంచవలెను. చప్పగా పలికిన పొగడ్త కంటె మర్యాదగా కాదనుటయే మేలు. ముందుగా తెలిసినచో వేరొక సాక్షిని వెదకికొనవచ్చును.

పని దొరికిన పిమ్మట చాలమంది మొదటి జీతముతో మిఠాయి పొట్లములు కట్టించి, ఏ సాయమును చేయని బంధువుల ఇండ్లన్నియు తిరిగి వత్తురు. పాత యజమాని మాత్రము ఆ శుభవార్తను కొత్త యజమాని నోట విని, తనకు ముందే తెలియునని బొంకి, ఆ పూటకు సంతోషించును.