తేరు, ట్యాంకరు, తాటిముంజలు

ఉగాది పచ్చడి చేదు నాలుక మీద ఉండగానే మార్కాపురంలో ఎండలు ముదిరాయి. రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల పేర్లు టీవీలో చదువుతుంటే మన వైపు ఊరు ఒకటైనా వినపడాల్సిందే. 44 అంటే మామూలు రోజు. 45 దాటితే "ఇవాళ కాస్త ఉక్కగానే ఉంది" అంటారు మా వీధి పెద్దలు. అటు నల్లమల, ఇటు వెలిగొండ, కాళ్ల కింద పలకరాయి. పగలు పుచ్చుకున్న వేడిని రాత్రికి వడ్డీతో సహా తిరిగిచ్చేస్తాయి.

ఈ రోజుల్లో బజారుకు రెండే పూటలు. పొద్దున పది లోపు ఒకటి, దీపాలు పెట్టాక రెండోది. మధ్యలో కొట్లవాళ్లు షట్టరు సగం దించి, గల్లాపెట్టె పక్కనే కునుకు తీస్తారు. మిట్టమధ్యాహ్నం బజారులో ఎవరైనా కనపడ్డారంటే రెండే కారణాలు: ఊరికి కొత్తయినా కావాలి, పెళ్లిపత్రికలు పంచేవాళ్లయినా కావాలి.

ఇక పెళ్లిళ్ల సంగతి మీకు తెలియనిదేముంది! మూఢం వెళ్లిందంటే పురోహితులకు ఊపిరాడదు. ఒకే రోజు నాలుగు పత్రికలు. తర్లుపాడులో తెల్లవారుజాము ముహూర్తం, కంభంలో మధ్యాహ్నం భోజనం, బేస్తవారిపేటలో సాయంత్రం రిసెప్షన్. నాలుగోది బంధువుల్లో బలహీనుడిది, దానికి చదివింపులు పంపించి ఊరుకుంటాం. వారం తిరిగేసరికి ఏ పెళ్లికొడుకు ఎలా ఉంటాడో గుర్తుండదు గానీ, ఏ మండపంలో ఏసీ పనిచేసిందో మాత్రం ఊరంతా చెప్పగలదు.

చైత్రమాసం అనగానే చెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవాలు. లక్ష్మీ చెన్నకేశవుడి తేరు కదిలే రోజు మార్కాపురంలో నేల కనపడదు. ఇంటి మేడల మీద బంధువులు, బంధువుల బంధువులు. వీధి వీధికీ పానకం, మజ్జిగ పందిళ్లు. పక్క పల్లెల నుంచి వచ్చే కోలాటం జట్లు, చెక్కభజన బృందాలు ఎండను లెక్కచేయకుండా గజ్జె కడతాయి. బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన కుటుంబాలు సంక్రాంతికి రాకపోయినా తిరునాళ్లకు తప్పకుండా దిగుతాయి. వాళ్లు వచ్చినన్నాళ్లూ తాళం పడ్డ పల్లెల్లో మళ్లీ పొయ్యి వెలుగుతుంది, కొన్ని అప్పులు తీరుతాయి, కొన్ని కొత్తవి పుడతాయి. పెళ్లిచూపులు కూడా సగం ఆ తేరు వెనకే జరిగిపోతాయి. స్వామికి తెలిసే జరుగుతాయని మన నమ్మకం.

అన్నట్టు, ఈ మధ్య వీధి అరుగు మీద కూర్చుని పెద్దలు జిల్లాల లెక్క తీశారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతమంతా 1970 దాకా కర్నూలు జిల్లాలోదే. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడితే ఇటు చేరింది. 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. ఆ లెక్కన పాత తరంవాళ్లు పుట్టింది కర్నూలు జిల్లాలో, పెళ్లాడింది ప్రకాశం జిల్లాలో. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. అందుకేనేమో, గిద్దలూరువాళ్లకు ఒంట్లో బాగోకపోయినా, ఒంటికి పట్టుచీర కావాలన్నా ఇప్పటికీ కాలు నంద్యాల వైపే లాగుతుంది. టిఫిను దగ్గరా అదే తేడా. గిద్దలూరులో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఎండ పెరిగితే నన్నారి సోడా. అక్కడి నుంచి మార్కాపురం వచ్చేసరికి పళ్లెంలో ఇడ్లీ, పూరీ రాజ్యమేలుతుంటాయి. రాత్రికి సంగటి ముద్ద దగ్గర మాత్రం రెండూళ్లకూ తగువు లేదు.

ఇక నీళ్లు. ఎండాకాలం మన దగ్గర ఎవరింటికెళ్లినా "బాగున్నారా" తర్వాత రెండో ప్రశ్న "మీ వీధిలో నీళ్లొచ్చాయా" అనే కదా. కుళాయి వచ్చే రోజు ఇంటికి పండగ. ఆ రోజు పెళ్లిపిలుపులున్నా, బంధువులొచ్చినా ఇల్లాలు గడప దాటదు. ట్యాంకరు హారను వినపడితే పిల్లలు క్రికెట్టు బ్యాటు వదిలి బిందెలు పట్టుకుంటారు. ట్యాంకరు డ్రైవరుకు ఈ మూడు నెలలూ అల్లుడి మర్యాద. మంచం వాల్చి, టీ ఇచ్చి, కుశలం అడిగి మరీ పైపు తమ వైపు తిప్పించుకుంటారు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు వేరే. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందని తెలిశాక ఆ ఖర్చు తప్పించుకునే ఇల్లు లేదు. ఈ వైపు పల్లెల్లో గారపట్టిన పళ్లు, వంగిన నడుములు చూసినవాళ్లెవరూ క్యాను డబ్బులకు వెనకాడరు. దానిమీద చమత్కారం చేయడానికి నాకూ నోరు రాదు.

రైతుల సంగతి చెప్పాలంటే బోర్ల సంగతే చెప్పాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే పెద్దమనిషి ఒక చోట ఆగుతాడు. కాయ లేచిందంటాడు. రాత్రికి రాత్రి బోరు లారీ దిగుతుంది. వందలు దాటి వెయ్యి అడుగుల దాకా వెళ్లినా కొన్నిచోట్ల దుమ్మే. కాయ తప్పు కాదట, చేను తప్పట. బత్తాయి తోటలు పెట్టినవాళ్లు ఈ రెండు నెలలూ చెట్టు బతికితే చాలనుకుని ట్యాంకర్లతో తడుపుతారు. కందులు అమ్ముకున్నవాళ్లు కాస్త నిమ్మళంగా ఉంటారు. మిర్చి వేసినవాళ్లు గుంటూరు యార్డు రేటు ఫోన్లో చూస్తూ, కోల్డు స్టోరేజీలో పెట్టాలా, తెగనమ్మాలా అని ఇంట్లో రోజూ సభ పెడతారు. తీర్మానం మాత్రం ఏ రోజూ కుదరదు.

వెలిగొండ గురించి మీరు అడక్కముందే చెప్తాను. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ప్రాజెక్టు అది. శ్రీశైలం జలాశయంలోకి వచ్చే కృష్ణ వరదనీటిని దోర్నాల దగ్గరి కొండల్లోంచి, ఒక్కోటీ 18 కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాల ద్వారా ఇటు మళ్లించాలని లెక్క. మొత్తం 43.5 టీఎంసీలు, నాలుగు లక్షల ఎకరాలకు పైగా సాగు, పదిహేను లక్షల మందికి తాగునీరు. 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ రోజు పలక పట్టుకుని బడికెళ్లిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు పలకలు కొంటున్నారు. సొరంగాలు తవ్విన యంత్రాలు కూడా ఈ కొండ రాయితో విసిగిపోయాయి గానీ, మన జనం విసగలేదు. ప్రతి ఎన్నికకూ కొత్తగా నమ్ముతారు.

పలక మాట వచ్చింది కాబట్టి ఒక నిమిషం ఇక్కడాగుదాం. తెలుగునాట ఎంతమంది 'అ ఆ'లు దిద్దింది మార్కాపురం రాతి మీదో లెక్క కట్టడం కష్టం. గనిలోంచి తీసిన రాతిబండను ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తే పలక. నోటుబుక్కులు, ప్లాస్టిక్కు పలకలు వచ్చాక ఆ గిరాకీ చాలావరకు పడిపోయింది. ఇప్పుడు అదే రాయి నేలకూ గోడలకూ అతికించే బిళ్లలై విదేశాలకు వెళ్తోంది. ఎక్కడో ఒక దొర స్నానాలగది గోడకు మన ఒకటో తరగతి అతుక్కుని ఉందన్నమాట! రాయి అందం సరే, దాన్ని కోసేవాళ్ల గుండెల్లో చేరే దుమ్ము సంగతి ఏ బిళ్ల మీదా రాసి ఉండదు. ఈ ఎండల్లో కూడా గనుల్లోకి దిగేవాళ్లు పొద్దు పొడవకముందే బయల్దేరతారు.

అన్నట్టు, టెక్సాస్ కబురు! తెలుగుపిల్లలు డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్లలో బాగానే గూళ్లు కట్టుకున్నారు కదా, అందులో మనవాళ్లూ ఉన్నారు. నడి వేసవిలో అక్కడా ఎండ 40 దాటుతుంది. కాకపోతే వాళ్లది ఫారన్‌హీటు లెక్క. "ఇవాళ 105 అమ్మమ్మా" అని వీడియో కాల్లో మనవడు అంటే ఇక్కడి అమ్మమ్మ జ్వరమనుకుని వెంకన్నకు ముడుపు కట్టేస్తుంది. ఎండ ఒకటే గానీ కాపరం వేరు. అక్కడ ఇంట్లోంచి కారులోకి, కారులోంచి కొట్లోకి, అంతా చల్లదనమే. వెళ్లొచ్చిన పెద్దవాళ్లకు మాత్రం ఒకటే ఫిర్యాదు: సాయంత్రం కూర్చోడానికి అరుగు లేదు, దారిన పోతూ పలకరించే మనిషి లేడు. అయినా మే నెల వస్తే పట్టా పండక్కనీ, పురుడు పోయడానికనీ ప్రయాణాలు ఆగవు. పెట్టెలో కందిపొడి, ఆవకాయ, తువ్వాలులో చుట్టిన రాతిపలక. మనవడి అక్షరాభ్యాసం ఫ్రిస్కో గుడిలో జరిగినా పలక మార్కాపురానిదే కావాలి. 23 కిలోల లెక్కలో దానికి చోటివ్వాలంటే ఒక పచ్చడి సీసా దిగిపోవాలి. ఏ సీసా అన్నది తేలేసరికి విమానం వేళవుతుంది.

పరీక్షా ఫలితాల కాలం కూడా ఇదే. మార్కులు వచ్చిన పిల్ల ఇంటికి పెద్ద కాలేజీలవాళ్లు మిఠాయి పెట్టెతో వస్తారు. రానివాడి ఇంటికి బంధువులు సలహాలతో వస్తారు. మిఠాయే నయం.

ఇక రైలెక్కి గిద్దలూరు వైపు పోదాం. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఎక్కితే దారిలో కంభం. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ కట్టించిందని చెప్పుకునే చెరువు ఇక్కడిదే. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కింది. నిండిన ఏడు కట్ట మీద జనం, ఎండిన ఏడు చెరువులో జనం. గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరాక రైలు నల్లమలలోకి దూరుతుంది. బొగద సొరంగం దగ్గర పడేసరికి కిటికీ సీటులోని మనిషి ఎంత బంధువైనా లేవడు. ఏసీ పెట్టె ఎక్కినవాళ్లకు ఈ అడవి గాలి దక్కదు, పాపం.

అడవిలో ఇది మొర్రిపండ్ల కాలం, తునికాకు కోసే కాలం. చెంచులు తెచ్చే తేనె కోసం పట్నంవాళ్లు దోర్నాలలో బండ్లు ఆపుతారు. తాటిముంజలు మాత్రం తూర్పువైపు నుంచి రావాల్సిందే. బజారులో దిగిన గంటకే అయిపోతాయి, కాబట్టి బేరం ఆడేవాళ్లకు ఈ ఏడూ దొరకవు. వారాంతంలో త్రిపురాంతకం కొండెక్కి స్వామినీ, దిగివచ్చి బాలాత్రిపురసుందరినీ చూసేవాళ్లు కొందరు, శనివారం నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గర గుండంలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు కొందరు. భక్తి ఎంతో చల్లదనం ఎంతో విడదీసి అడక్కూడదు.

సెలవులకు ఇటు వస్తామన్నారుగా, శ్రీశైలం కూడా చూసుకుంటామన్నారుగా? అయితే ఒక్క మాట. దోర్నాల అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేసి పొద్దున ఆరుకు తీస్తారు. అది పులుల అడవి, ఎవరి సిఫారసూ పనిచేయదు. పెళ్లిభోజనం దగ్గర ఆలస్యం చేయకుండా పొద్దుండగానే బయల్దేరండి. దారిలో కోతులకు అరటిపండ్లు విసరకండి, తాగిన నీళ్లసీసా బండిలోనే ఉంచుకోండి. వచ్చే ముందు ఫోను చేస్తే మీకు ఒక బిందె మంచినీళ్లు ఎక్కువ పట్టి ఉంచుతాం.