ఎలుగుబంటికి అందని అన్నం

హంపీకి దాపున దరోజీ అనే చోట ఎలుగుబంట్ల అభయారణ్యం ఒకటి ఉన్నది. 1994లో ఏర్పడినది. హొసపేట, బళ్లారి వైపు కాపురమున్న మన తెలుగువారు చాలమంది దానిని చూచే ఉంటారు. మధ్యాహ్నం వేళ అటవీశాఖ మనుషులు కొండబండలకు బెల్లపు పాకం పూసి వస్తారు. కాసేపటికి ఎలుగులు పిల్లలతో సహా దిగివచ్చి ఆ బండలు నాకుతూ ఉంటే, దూరాన గోపురం మీదినుంచి జనం చూస్తారు. కాకికి ముద్ద, చీమకు నూక పెట్టే అలవాటున్న ఇళ్లలో పెరిగినవారము కనుక ఇందులో మాకు ఏ వింతా తోచలేదు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని యోసెమిటీ అడవికి వెళ్లినప్పుడు మాత్రం, ఎలుగుకు ఒక్క మెతుకు అందినా అది నేరమేనని విని కొంత తెల్లబోయినాము.

2022 జూన్ నెలలో మా మేనల్లుడు మమ్మల్ని అక్కడికి తీసుకొనిపోయినాడు. వీపున మూటలు మోసుకొని, అడవిలోనే రెండు రాత్రులు పడుకొని రావడం ప్రయాణం. దానికి ముందుగా అనుమతి చీటీ పుచ్చుకోవాలి. చీటీ ఇచ్చే కచేరీలోనే నల్లటి డబ్బాలు అద్దెకిస్తారు. గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. అడుగు పొడవు, పిల్లల తబలా అంత లావు, కిలోంపావు బరువు. పైన పట్టుకోవడానికి పిడి లేదు, ఎక్కడా అంచు లేదు. ఎలుగు నోట కరుచుకుందామంటే దవడ పట్టదు, గోటితో లాగుదామంటే సందు దొరకదు. మూతకు రెండు మరలున్నవి. చిల్లర నాణెంతో తిప్పితే తెరుచుకుంటుంది. నాణెం వాడకం ఎలుగుకు ఇంకా తెలియదు కాబోలు!

ఇంత జాగ్రత్త ఎందుకయ్యా అంటే, దానికొక కథ ఉన్నది. అక్కడివి అమెరికా నల్ల ఎలుగులు. పేరుకే నలుపు గాని చాలా వాటి ఒళ్లు గోధుమ రంగు. ఆ పార్కులో మూడు నుంచి అయిదు వందల వరకు ఉంటాయని అంచనా. 1920, 30 ప్రాంతాలలో సర్కారువారే సాయంకాలం దీపాలు వెలిగించి, మిగిలిన తిండి కుప్పపోసి, ఎలుగులు తింటూంటే యాత్రికులకు వినోదంగా చూపేవారు. అచ్చంగా మన దరోజీ వలెనే అనిపిస్తుంది. 1940లో ఆ వేడుక ఆపినారు. చెత్త గోతులు కూడా 1970 ప్రాంతానికి మూసినారు. కాని మనిషి తిండి రుచి ఎరిగిన జంతువు ఊరుకుంటుందా? గుడారాల మీద పడినవి, మోటారు కార్ల తలుపులు మడిచి లోపల దూరినవి. 1998 ఒక్క సంవత్సరంలో 1,500 పైచిలుకు ఇటువంటి సంఘటనలు జరిగి, ఆరున్నర లక్షల డాలర్ల నష్టం వచ్చినది. నష్టం మాట అటుంచి, అలా అలవాటు పడి మనుషుల మీదికి తెగబడిన ఎలుగులను చివరకు అధికారులే చంపవలసి వచ్చేది. దూరాన వదలిపెట్టినా తిరిగి వచ్చేవట.

మొదట్లో యాత్రికులు తిండి మూటలను చెట్టుకొమ్మకు తాడుతో వేలాడగట్టేవారు. మన పల్లెల్లో పిల్లికి అందకుండా ఉట్టి కట్టినట్టే. కృష్ణునికి లొంగిన ఉట్టి ఎలుగుకు లొంగదా? తాళ్లు కొరికినవి, సన్నకొమ్మల మీదికి పిల్లలను ఎక్కించినవి. అందుచేత ఇప్పుడు ఉట్టి నిషిద్ధం, డబ్బా విధాయకం.

ఆ డబ్బాలో మూడు రోజుల తిండి ఇమడ్చడం పెద్ద పని. బియ్యం, పప్పు కట్టిపెట్టి అటుకులు, వేరుశనగ ఉండలు, కందిపొడి తీసుకొన్నాము. చపాతీలు డబ్బా గోడకు చాపలా చుట్టినాము. ఆవకాయ వదలడానికి మనసొప్పలేదు. రెండు సంచుల్లో మూతిబిగించి నడుమ కూర్చినాము. అంతటితో అయిందనుకుంటే మేనల్లుడు, “అత్తయ్యా, పళ్లపొడి, సబ్బు, కొబ్బరినూనె సీసా కూడా ఇటివ్వండి. వాసన ఉన్నదేదైనా దానికి తిండే,” అన్నాడు. “అమృతాంజనం కూడానా?” అంటే, “అది ముందు!” అన్నాడు. ఎలుగు ముక్కు కుక్క ముక్కుకంటె మిన్న అంటారు. ఈ డబ్బా వాసనను దాచదు. దొరకకుండా మాత్రం కాపాడుతుంది.

హ్యాపీ ఐల్స్ అనే చోట ఎక్కడం మొదలు. మెర్సెడ్ నది పక్కన, వెర్నల్ జలపాతం తుంపరలో తడుస్తూ 600 పైగా రాతిమెట్లు ఎక్కాలి. అలిపిరి మెట్లు ఎక్కిన కాళ్లకు సంఖ్య గొప్పది కాదు గాని, గోవిందా అనేవారు లేకపోవడం లోటే. నాలుగు వేల అడుగుల నుంచి ఆరు వేలకు చేరితే లిటిల్ యోసెమిటీ లోయ. అక్కడ ఇనుప బీరువాలున్నవి. తిండి అందులో పెట్టి నిశ్చింతగా పడుకొన్నాము.

రెండవ రాత్రి సన్‌రైజ్ వాగు దగ్గర. అక్కడ డబ్బాలే దిక్కు. గుడారానికి వంద అడుగుల దూరాన, దొర్లి వాగులో పడకుండా చదునైన చోట చూచి పెట్టినాము. నడిరేయి దాటిన తర్వాత డబ్బా రాతికి తగిలిన చప్పుడు, బరువైన ఊపిరి వినవచ్చినవి. మేనల్లుడు గిన్నెలు వాయిస్తూ కేకలు వేసినాడు, మన చేలలో పందులను తోలినట్టు. కొంతసేపటికి చప్పుడు ఆగింది. ఆ తర్వాత మాకెవరికీ కంటిమీద కునుకు లేదు. బయట ఆకలితో తిరిగే ప్రాణికి పెట్టకుండా, పైగా అదలించి పంపడం మా అమ్మగారు చూస్తే ఏమనేవారోనని ఒకటే ఆలోచన. పెడితే రేపు దాని ప్రాణానికే ముప్పని తెలిసినా సరే.

తెల్లవారి చూస్తే ఒక డబ్బా ఇరవై అడుగుల అవతల పొదలో ఉన్నది. పైన మూడు గీతలు, కొంచెం ఎండిన చొంగ. లోపల ఆవకాయ పదిలంగా ఉన్నది. కాస్త పక్కన ఒక పుచ్చిన దుంగను ఎవరో కొత్తగా చీల్చి, లోపలి చీమలను ఊడ్చినట్టు తినిపోయినారు.

దిగివచ్చి డబ్బాలు అప్పగిస్తే కచేరీ పిల్ల గీతల మీద వేలితో రాసి, నవ్వి, తుడిచి, మా వెనుక నిలుచున్నవారికి అద్దెకిచ్చినది.