ఎర్తు వైరు

మా ఇంట్లో గిటారు తయారైన సంగతి వ్రాయుమని అయ్యగారు చాలాసార్లు అడిగారు. సంగీతము రాని మేము ఏమి వ్రాస్తామని సంకోచించాము. అయితే ఒక ప్రాణము దక్కిన సంగతి అందులో ఉన్నది గనుక వ్రాస్తున్నాము.

గోదావరిఖనిలో మాది సింగరేణి కుటుంబము. ఇంటాయన భూగర్భ గనిలో ఫిట్టరు. పెద్దవాడు సంఘ క్వయరులో పాడతాడు. వానికి ఎలక్ట్రిక్ గిటారు మీద ఆశ. మంచిది కొనాలంటే మా జీతమునకు అందదు. "నాన్నా, గనిలో పంపులు విప్పి బిగిస్తావు గదా! విడిభాగాలు తెచ్చుకుని మనమే బిగించుకుందాం" అన్నాడు.

సంఘ పెద్ద ఒకాయనకు ఇది నచ్చలేదు. ఆమోసు గ్రంథము 6వ అధ్యాయము తెరిచి, దావీదువలె వాయిద్యములు కల్పించుకొనువారిని ప్రవక్త గద్దించాడని చూపించారు. అయ్యగారు మొదటి దినవృత్తాంతములు 23వ అధ్యాయము తీశారు. అక్కడ 4,000 మంది దావీదు చేయించిన వాద్యములతోనే దేవుని స్తుతించారు. ఆమోసు కోపము వాయిద్యముల మీద కాదు, ప్రజల పాట్లు పట్టించుకోని సుఖవాసుల మీద అన్నారు. పెద్దాయన తృప్తిపడలేదు.

అమెరికాలో లియో ఫెండర్ అనే రేడియో మరమ్మతుదారుడు 1950లో, మెడను మరలతో బిగించే గిటారును అమ్మకానికి తెచ్చాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. ఆ మాట మాకెంతో ధైర్యమిచ్చింది!

కూల్చిన ఇంటి టేకు దూలము ఒకటి దొరికితే వడ్రంగి చేత ఒడలు కోయించాము. బరువే, కాని బాగా ఆరిన కర్ర. మెడ, ఇతర సామాను కోసం రైలెక్కి హైదరాబాదు వెళ్లాము. అబ్బాయి చూపు మెరిసే వాటి మీద, మా చూపు మా ఊరి గాలి మీద. మా వాకిట్లో ఉదయము ఊడిస్తే సాయంత్రానికి బొగ్గు నుసి. అందుకే పళ్లచక్రాలు బయటకు కనబడే కీలు వద్దని, పూర్తిగా మూసియున్న కీలు తీసుకున్నాము. ఊగే బ్రిడ్జి కూడా వద్దన్నాము. దానిలో ఒక తీగ తెగితే మిగిలిన అయిదూ శ్రుతి తప్పుతాయి. పికప్ మాత్రము జంట చుట్లది కొన్నాము. ఒక చుట్టలో పుట్టిన గుంయి శబ్దమును రెండవది ఎదురుగా వచ్చి కొట్టివేస్తుంది. ట్యూబులైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు ఉన్న మా మందిరానికి అది అవసరము. 1955లో సెత్ లవర్ అనే ఇంజనీరు గిబ్సన్ కంపెనీలో రూపొందించిన ఏర్పాటు అది.

బిగించుటలో ఇంటాయనే తప్పు చేశారు. మెడ మొదట ఉండే నట్టు నుండి 12వ ఫ్రెట్ వరకు ఎంత దూరమో, అక్కడి నుండి బ్రిడ్జి మీది ఆధారము వరకు అంతే ఉండాలి. మా మెడకు అది 12¾ అంగుళాలు. ఆయన నట్టు నుండి గాక మెడ చివరి నుండి కొలిచారు. క్రింద శ్రుతి కుదిరితే పైన తప్పింది. రంధ్రాలలో టేకు పుల్లలు, ఫెవికాల్ పెట్టి పూడ్చి, రెండు రోజులు ఆరనిచ్చి, మరల తొలిచాము.

యౌవనస్థుల కూటములో మొదటిసారి వాయించిన సాయంత్రము, అబ్బాయి పాడబోతూ మైకుకు పెదవి ఆనించాడు. ఒక్క కేక వేసి వెనక్కి పడ్డాడు. మేము పరుగెత్తి మెయిన్ ఆపాము. ముఖము తెల్లబోయింది, కుడిచెయ్యి చాలాసేపు వణికింది. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. మనము చేసిన వస్తువే మన బిడ్డను తీసికొనిపోయేదా అని ఏడ్చాము. 1972లో బ్రిటనులో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు ఇట్లే, ఎర్తు లేని మైకు ముట్టుకుని వేదిక మీదనే మరణించాడని తరువాత తెలిసికొన్నాము.

తెల్లవారి ఇంటాయన గిటారంతా విప్పి చూశారు. తప్పు అందులో లేదు. శబ్దము తగ్గుటకు తీగలను బ్రిడ్జి ద్వారా ఆంప్లిఫయరు ఎర్తుకు కలుపుతారు. మందిరములో ఆ ప్లగ్గు మూడవ రంధ్రానికి వెనుక వైరే లేదు! ఆంప్లిఫయరులో లీకైన కరెంటు పోయే దారిలేక తీగల మీద నిలిచింది. మైకు వేరే యంత్రానికి, సరియైన ఎర్తుకు ఉన్నది. చేతిలో తీగ, పెదవికి మైకు. మధ్యలో మా వాడే వైరయ్యాడు.

గనిలో లీకేజి వస్తే కరెంటు దానంతటదే తెగే ఏర్పాటు ఉంటుంది. మందిరానికీ అటువంటి 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించాము. వెనుక గొయ్యి త్రవ్వి, పైపు దించి, కట్టెబొగ్గు, ఉప్పు వేసి ఎర్తు తీశాము. మూడవ రంధ్రములన్నిటికీ వైరు లాగి మీటరుతో పరీక్షించాము. తరువాతి ఆదివారము అబ్బాయి భయపడుతూనే పాడాడు. మేము స్విచ్చి దగ్గరే నిలబడ్డాము.

నేల ఎండితే ఎర్తు సరిగా పనిచేయదు. ఎండాకాలములో ప్రతి శనివారము ఆ గుంటలో బకెట్టెడు నీళ్లు పోయుచున్నది, ఆమోసు గ్రంథము తెరిచిన ఆ పెద్దాయనే.