పందిరి లేని ద్రాక్షతోటలో ఒక రోజు

నాసిక్ వైన్ యాత్రకు అయిదు వైనరీలతో జాబితా వేసుకున్న కుటుంబం చివరికి రెండే చూసింది. మిగిలిన గంటలోనే అసలు విషయం బయటపడింది.

తెలుగు ఊళ్లలో ‘వైన్స్’ అన్న బోర్డు లేని కూడలి అరుదు. ఆ దుకాణాల్లో బీరు, విస్కీ, బ్రాందీ కావలసినంత దొరుకుతాయి. వైన్ అడిగితే మాత్రం పై అరలో ఎక్కడో ఉన్న రెండు సీసాలను వెతికి, దుమ్ము దులిపి ఇస్తారు. అందుకే హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తల్లిదండ్రులను నాసిక్ వైన్ తోటలకు తీసుకెళ్తానన్నప్పుడు తల్లి ముందుగా అన్న మాట ఒకటే: “ఈ వయసుల మమ్ముల వైన్సుకు తోల్కపోతవారా?”

తండ్రి ఏమీ అనలేదు. ఆయన ఒకప్పుడు ద్రాక్ష రైతు. మేడ్చల్ దగ్గర నాలుగెకరాల పందిరి కింద అనాబ్-ఎ-షాహి పండించారు. నిజాం కాలం నుంచీ హైదరాబాద్‌కు పేరు తెచ్చిన రకమది. గుత్తులు బరువుగా, పండ్లు లేత బంగారు రంగులో, పొడుగ్గా ఉంటాయి. నగరం పెరిగి, భూగర్భజలం తరిగిపోయి ఆ చుట్టుపక్కల తోటలు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారిపోయాయి. ఆయన తోట 1998లో పోయింది. ఆ ఏడాదే కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. తర్వాత ఆ ఇంట్లోకి ద్రాక్షపండ్లు రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. కారణం తన ఫీజులేనని కొడుకు తనంతట తానే తీర్మానించుకున్నాడు. పాతికేళ్ల పాటు ఆ తీర్మానాన్ని మోశాడు.

అతను గీసిన మొదటి ప్రణాళికలో అయిదు వైనరీలు, రెండు రెస్టారెంట్లు, రామ్‌కుండ్, త్ర్యంబకేశ్వరం ఉన్నాయి. అన్నీ ఒకే రోజు, 2024 జనవరి 26న. శుక్రవారం కాబట్టి వారాంతంతో కలిపి మూడు రోజుల సెలవు. లోపం అక్కడే ఉంది. గణతంత్ర దినోత్సవం దేశమంతా డ్రై డే. ఆ రోజు తోటల్లో తిరగవచ్చేమో గానీ గ్లాసులో చుక్క పోయరు. ఆగస్టు 15, అక్టోబర్ 2 కూడా అంతే. పోలింగ్ ముందు రోజుల్లోనూ ఇదే నిబంధన. సెలవు చూసి వైన్ యాత్ర పెట్టుకునేవారు ముందుగా చూడాల్సింది క్యాలెండర్‌లోని ఈ తేదీలనే.

రెండో లోపాన్ని భార్య లెక్కవేసి చూపించింది. రుచి చూడటానికి ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోస్తారనుకుంటే, ఒక్కో చోట అయిదు రకాలకు 150 అవుతుంది. అయిదు వైనరీలు తిరిగితే 750. అంటే మనిషికి ఒక పూర్తి సీసా. “మూడో చోటికొచ్చేసరికి నీకు రుచి తెలుస్తుందా?” అని ఆమె అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. జాబితాలో రెండు వైనరీలే మిగిలాయి: పొద్దున పెద్దది, మధ్యాహ్నం చిన్నది. కారుతో పాటు డ్రైవర్‌ను కూడా మాట్లాడుకున్నారు. మన చట్టంలో వాహనం నడిపేవారికి అనుమతించిన మద్యం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ‘కొంచెమే తాగాను’ అన్న మాట ఆ పరీక్ష ముందు నిలవదు.

త్ర్యంబకేశ్వరాన్ని మరుసటి రోజుకు మార్చింది తల్లి. గోదావరి పుట్టిన చోట స్నానం చేసి వైన్ తోటకు వెళ్లడం ఆమెకు ససేమిరా నచ్చలేదు. దర్శనం క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి అది ప్రణాళికకూ మంచిదే అయింది. అలా ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఖరారైంది. పంట కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. వారం మధ్యలో ముంబై నుంచి కార్ల రద్దీ ఉండదు.

అజంతా ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి మన్మాడ్‌లో దిగి, కారులో నాసిక్ చేరి, ఒక రోజు విశ్రాంతి తీసుకున్నారు. మంగళవారం పొద్దున మిసల్ పావ్‌తో మొదలైంది. మొలకెత్తిన గింజల కూర, పైన ఎర్రటి రసం, కారప్పూస, పక్కన పెరుగు, అప్పడం. ఖాళీ కడుపుతో రుచులకు వెళ్లకూడదన్నది మొదటి సూత్రం. రెండోది, కారం తిన్న నాలుక మీద ఘాటైన ఎర్ర వైన్ మంటను ఇంకా పెంచుతుంది. కాస్త తీపి ఉన్న చల్లని షెనిన్ బ్లాంక్ లాంటిది ఆ మంటను సర్దుతుంది. ఆంధ్ర, తెలంగాణ భోజనానికీ ఇదే లెక్క.

నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలం పగళ్లు వెచ్చగా, రాత్రులు చల్లగా ఉంటాయి. తినే ద్రాక్షకు అప్పటికే పేరున్న ఈ నేలలో కాలిఫోర్నియా నుంచి తిరిగొచ్చిన రాజీవ్ సామంత్ 1990లలో వైన్ ద్రాక్ష నాటారు. ఆయన స్థాపించిన సులా తొలి వైన్‌లు 2000లో వచ్చాయి. మరుసటి ఏడాదే మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ విధానాన్ని ప్రకటించింది. తర్వాత గంగాపూర్ జలాశయం చుట్టూ, దిండోరి వైపు వైనరీలు వెలిశాయి. నాసిక్ వ్యాలీ వైన్‌కు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మొదటి చోట గైడ్ స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు చూపించాడు. ఎర్ర వైన్‌కు రంగు వచ్చేది తొక్కల నుంచేనని, తెల్ల వైన్‌కు తొక్కలు తీసేసి రసం మాత్రమే పులియబెడతారని చెప్పాడు. రుచి గదిలో కోడలు ఒక గుక్క నోట్లో తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేసింది. అది పద్ధతే. అత్తగారికి మాత్రం మింగుడుపడలేదు. “పైసలిచ్చి ఉమ్ముడేందమ్మా!” బల్ల దగ్గరున్న నలుగురూ నవ్వారు. తండ్రి కూడా నవ్వారు. ఆయన గ్లాసు ముట్టలేదు. కిటికీ అవతలి తోట వైపే చూస్తున్నారు.

భోజనానికి రెండు గంటలు కేటాయించారు. రెండో వైనరీ సమయం సాయంత్రం నాలుగు గంటలకు. మూడు గంటలకే చేరుకోవడంతో జాబితాలో ఏమీ రాయని గంట ఒకటి మిగిలింది. తండ్రి నేరుగా చెట్ల వరసల్లోకి నడిచారు.

అక్కడ పందిరి లేదు. తీగలు నిలువు తీగెల మీద, మనిషి భుజం ఎత్తున వరసలుగా ఉన్నాయి. గుత్తులు చిన్నవి, పండ్లు బఠానీ గింజంత. “గింత చిన్నగున్నయేంది? నీళ్లు సాల్తలేవా?” అన్నారాయన. పక్కనే కోత కోస్తున్న కూలీకి తెలుగు రాదు. తండ్రి హైదరాబాదీ హిందీ, అతని మరాఠీ కలిసిన హిందీ మధ్య సంభాషణ బాగానే నడిచింది. నీళ్లు కావాలనే తగ్గిస్తామని, గుత్తులు ఎక్కువైతే పచ్చిగా ఉన్నప్పుడే కొన్ని తెంపి పారేస్తామని అతను చెప్పాడు. కాపు తగ్గితే మిగిలిన పండ్లలో తీపి, రుచి చిక్కబడతాయి. ఎక్కువ కాయించడమే గొప్పగా బతికిన రైతుకు అది వింతగా తోచింది. కత్తిరింపు మాత్రం ఆయనకు తెలిసినట్టే ఉంది: ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు వెనకబడ్డాక మరోసారి. కాపు రెండో కత్తిరింపు తర్వాతే. “మాది కూడ గంతే,” అని ఆయన తల ఊపారు. ఒక కొమ్మ పట్టుకుని, ఎన్ని కళ్లు వదిలి కోయాలో వేలితో చూపించారు. ఆ కూలీ కూడా అదే లెక్క చెప్పాడు.

అతను షిరాజ్ గుత్తిలోంచి నాలుగు పండ్లు తుంచి ఇచ్చాడు. తండ్రి ఒకటి నోట్లో వేసుకున్నారు. గింజలు అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నారు. “తియ్యగున్నది. తొక్క మందం,” అన్నారు. కాసేపాగి కొడుకు వైపు తిరగకుండానే అన్నారు: “మనకు గూడ ఆఖరి ఏడు గిట్లనే అయినయి. సైజు రాలె. గని మస్తు తీపి.”

“ఎందుకు నాయినా?”

“నీళ్లు లెవ్వు గద. మూడు బోర్లు ఏసిన. మూడూ ఎండినయి. నాలుగోది ఏసెటందుకు అప్పు పుట్టలె. అమ్మిన.”

కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు: “నా ఫీజుల కోసం కాదా?”

తండ్రి అప్పుడు చూశారు. “నీ ఫీజులకు బర్లమ్మిన. తోటకు, నీకు ఏం సంబంధం రా?”

నాలుగింటికి లోపలికి వెళ్లారు. కొడుకు, కోడలు రెండు రకాలే రుచి చూసి చాలనుకున్నారు. జలాశయం మీద పొద్దు వాలేదాకా బయటే కూర్చున్నారు. తల్లి ద్రాక్ష రసం తాగింది. తండ్రి ఆ మిగిలిన మూడు పండ్లూ తిన్నారు. సీసాలు కొనలేదు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మద్యం తీసుకెళ్లడానికి నిబంధనలున్నాయి, పైగా తిరుగు ప్రయాణం రైల్లో. దారిలో తల్లి కిలో తెల్ల ద్రాక్ష, అరకిలో కిస్మిస్ కొంది. ఆమె అడగలేదు, ఆయన వద్దనలేదు.

మరుసటి రోజు త్ర్యంబకంలో క్యూ మూడు గంటలు పట్టింది. బయటికొచ్చాక కొడుకు మళ్లీ వస్తే ఏ నెల బాగుంటుందని అడిగాడు. అతని మనసులో డిసెంబర్ ఉంది: చలి, తోటలో భోజనం, ఇంకో రెండు వైనరీలు. తండ్రి ఏప్రిల్ అన్నారు. ఏప్రిల్‌లో కాయ ఉండదు, కోత ఉండదు, ఎండ మండిపోతుంది. వైన్ కోసం వచ్చేవారెవరూ ఆ నెల ఎంచుకోరు.

“గప్పుడే గద కటింగు,” అన్నారాయన. “సూడాలె.”

కొడుకు ఫోన్ తీసి కొత్త జాబితా మొదలుపెట్టాడు. దాంట్లో ఇప్పటికి ఒక్క వరసే ఉంది.